వెనక్కి తోలనన్న ఎవ్‌దోకియా

మా దీవిలో నాకు అబద్ధాలకోరని పేరుంది. ఆ పేరు పెట్టినవాడు టాక్సీ మినాస్. నేను చెప్పేవాటిలో సగం నిజాలు, తక్కిన సగం ఇంకా జరగవలసినవి, అంతే తేడా. ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మొదటి సగంలోది. దీనికి మూడువందల మంది సాక్షులున్నారు. ఆ పూట అందరూ నకనకలాడే ఆకలితో ఉన్నారు కాబట్టి ఒక్కడూ మరిచిపోలేదు.

నాకు మూడు కార్లున్నాయి. మూడూ చిన్నవి, మూడూ తెల్లవి. రేవుకి ఎదురుగా రేకుల చూరు కింద నిలబెట్టి, వేసవిలో వచ్చేవాళ్ళకి వారం చొప్పున అద్దెకిస్తాను. నేను మాత్రం నడిచే తిరుగుతాను. నా కార్ల లోపలి మొహం నేను చూసేది ఊడ్చేటప్పుడే. క్రీటుకీ రోడ్సుకీ మధ్య సముద్రంలోకి ఎవరో విసిరేసిన రాయిలాంటి దీవి మాది. ఎండకి ఇంకో రంగు నిలవదు గనక ఇక్కడ సగం కార్లు తెల్లవే. తాళంచెవి ఎవరూ ఇంటికి తీసుకుపోరు, బండిలోనే ఉంచేస్తారు. ఎత్తుకుపోయినవాడు ఎక్కడికి పోతాడు, సముద్రంలోకా? పైగా ఎవరి బండైనా అడ్డంగా ఉంటే అవతలివాడే ఎక్కి, పక్కకి జరిపి, తన దారిన తాను పోవాలి కదా. ఇది మా మర్యాద. ఈ మర్యాదే ఆ ఏడాది తిరునాళ్ళలో కొంప ముంచింది.

పోయిన జూలై ఇరవై ఒకటో తారీఖున, దేశంలోకల్లా పెద్ద రేవు పిరేయస్ నుంచి వచ్చిన పడవలోంచి ఇద్దరు దిగారు. ముందు ఒకావిడ, పొట్టిగా, గట్టిగా, గడ్డపార పాతినట్టు. ఆవిడ భుజం మీద చెయ్యి వేసుకుని వెనక ఒక పెద్దాయన. ఆయన చంకలో, చెక్కపూసలు గుచ్చిన సీటు దిండు. ఆ దిండు చూడగానే నాకు అర్థమైపోయింది, ఈయన డ్రైవరని. ఎడమ చెయ్యి కుడి చేతికంటే నల్లగా ఉంది. కిటికీలో మోచెయ్యి పెట్టి ఒక జీవితకాలం ఎండలో తోలినవాడి చెయ్యి అది.

"కారు కావాలి. వారానికి," అంది ఆవిడ.

"తప్పకుండా. లైసెన్సు పెద్దాయనదేనా?"

"నాది."

చూశాను. ఎవ్‌దోకియా అని పేరు. వయసు అరవై ఆరు. లైసెన్సు వయసు రెండేళ్ళు.

"మరి పెద్దాయన తోలరా?" అన్నాను.

"ముప్ఫై ఎనిమిదేళ్ళు తోలాను," అన్నాడాయన. "పిరేయస్‌లో సిటీబస్సు. ఇప్పుడు నువ్వు నాకు మీసమున్న పొగలాగా కనిపిస్తున్నావు."

"దగ్గరికొచ్చినా ఇంతేనండి నేను," అన్నాను. నవ్వాడు. ఆయన పేరు పాండెలిస్.

కాఫీ తెప్పించాను. మా దగ్గర కాఫీ తాగకుండా ఎవరికీ ఏదీ అద్దెకివ్వరు. కాఫీ మీదే సంగతంతా బయటికొచ్చింది. పాండెలిస్ తల్లిది మా దీవే. మా దీవి ఉత్తరపు కొసన, కొండ అంచున, పునీత పాండెలేమోనుడి చిన్న చర్చి ఉంది. బతికున్నన్నాళ్ళూ ఊరికే వైద్యం చేసిన పునీతుడు ఆయన. ఆయన పేరే ఈయనకి పెట్టారు. రెండేళ్ళ కిందట చలికాలంలో పాండెలిస్ తలలో నెత్తురు గడ్డకట్టింది. నలభై రోజులు మంచం మీద ఉన్నాడు. ఎవ్‌దోకియా ఆసుపత్రి వరండాలో నిలబడి మొక్కుకుంది: ఈయన మంచం దిగితే చాలు, నీ తిరునాళ్ళకి తీసుకొస్తాను, నా చేతులతో నేనే తోలుకుని వస్తాను, బయల్దేరాక ఒక్క అడుగు వెనక్కి వెయ్యను.

పాండెలిస్ మంచం దిగాడు. చూపు మాత్రం మంచం మీదే ఉండిపోయింది. ఎవ్‌దోకియాకి అప్పటికి సైకిలు తొక్కడం కూడా రాదు.

"మొక్కుకునేటప్పుడు టాక్సీలో తీసుకొస్తానని మొక్కుకోవలసింది కదమ్మా," అన్నాడు మినాస్. వాడు పక్క బల్ల దగ్గర కూర్చుని, ఎవరూ పిలవకుండానే వింటున్నాడు. రేవులో టాక్సీ వాడిదొక్కటే. ఆ గర్వానికి మెడ ఎప్పుడూ కొంచెం పైకే ఉంటుంది.

"టాక్సీలో వెళ్తే మొక్కు టాక్సీవాడిదవుతుంది," అంది ఎవ్‌దోకియా, వాడి వైపు చూడకుండా.

ఇక నా వంతు. నాకూ భయమే. ప్లాకా ఊరు దాటాక ఏడు కిలోమీటర్లు మట్టిదారి. కొండకి గీత గీసినట్టుంటుంది. ఒకపక్క రాయి, రెండోపక్క ఏమీ లేదు, ఆ ఏమీ లేనిదాని కింద సముద్రం. అందుకే నా ఒప్పందం కాగితంలో లావు అక్షరాలతో ఉంటుంది: మట్టిదారి ఎక్కరాదు.

"పైగా అమ్మా, జూలై గాలి," అన్నాను. "మెల్తెమి గాలి సంగతి మీకు తెలియదు. మా మావయ్య టోపీ ఆ మలుపులో ఎగిరిపోయింది. పన్నెండేళ్ళ తరవాత ఈజిప్టు నుంచి వలసపిట్టల గుంపుతో తిరిగొచ్చింది, లోపల గూడు, గూట్లో మూడు గుడ్లు."

"అయితే టోపీ పెట్టుకోనులే."

"నేను నాలుగో తరగతితో ఎందుకు ఆగిపోయాననుకున్నారు? అయిదో తరగతి పంతులమ్మ ఎక్కిన పడవని గాలి వెనక్కి తోసింది. ఆవిడింకా రాలేదు."

"బర్బా యాకూమీ," అంది ఎవ్‌దోకియా, "కలం ఇలా ఇవ్వు." బర్బా అంటే మా దగ్గర బాబాయి; దీవంతా నన్నలాగే పిలుస్తుంది.

ఇచ్చాను. మట్టిదారి ఎక్కరాదు అన్న లావు అక్షరాల మీద ఈ కొస నుంచి ఆ కొసకి ఒక గీత గీసింది. దాని కింద సంతకం పెట్టింది. సంతకం ఆ అక్షరాలకంటే లావుగా ఉంది.

"చర్చి దాకా ఈవిడ తోలుకెళ్తే," అన్నాను కాఫీ కొట్టంతా వినేటట్టు, "నా మీసం గీయించుకుంటాను."

నలభై ఏళ్ళ మీసం అది. కొట్టంతా చప్పట్లు కొట్టింది. మినాస్ లేచి నా కారు దగ్గరికి వెళ్ళి, బానెట్టు నిమిరి, "పాపం, దీనికొక కొవ్వొత్తి వెలిగించు బర్బా," అన్నాడు. ఎవ్‌దోకియా కారెక్కింది. పూసల దిండు పక్క సీట్లో పరిచి ఆయన్ని కూర్చోబెట్టింది. మొదటి గేరుకి బదులు మూడో గేరు వేసింది. కారు ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. రేవంతా నవ్వింది, పడవ కట్టే తాళ్ళవాళ్ళతో సహా. ఆవిడ ఎవరినీ చూడలేదు. మళ్ళీ తాళం తిప్పింది. వెళ్ళిపోయింది.

ఆ వారం రోజులూ సాయంత్రమయ్యేసరికి కాఫీ కొట్లో జనం. ఎవ్‌దోకియా ఆ రోజు ఎక్కడెక్కడికి వెళ్ళిందో, ఏం గుద్దిందో వినడానికి. ఆవిడ ఏదీ గుద్దలేదు. నేను రోజూ కారు చుట్టూ తిరిగి గీతల కోసం వెతికేవాణ్ణి. నాలుగో రోజు వెనక తలుపు మీద ఒక సొట్ట కనబడింది. చేతులూపుకుంటూ కేకలేశాను. ఎవ్‌దోకియా ఒప్పందం కాగితం తెచ్చి, మొదటిరోజు నేనే రాసిన 'వెనక తలుపున సొట్ట, నా గాడిద తన్నినది' అన్న వాక్యం నా చేతే పైకి చదివించింది.

నిజానికి ఆవిడకి కష్టం దారితో కాదు, పాండెలిస్‌తో. డ్రైవరుని పక్కన కూర్చోబెట్టుకుని తోలడం కంటే పక్కన ఎద్దుని కూర్చోబెట్టుకోవడం నయం. ఆయనకి దారి కనబడదు, కాని చెవులకి అంతా కనబడుతుంది. "గేరు మార్చు." "ఇంకా మార్చలేదేం?" "ఎందుకు మార్చావు?" అంతటితో ఊరుకోడు. ప్రతి మలుపులోనూ కుడికాలు నేలకేసి తొక్కుతాడు, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు. మూడో రోజుకి నా కారులో కాళ్ళ కింది పట్టా అక్కడ అరిగిపోయింది.

"ఆ కాలు తియ్యి పాండెలీ, అక్కడ బ్రేకు లేదు," అనేదట ఆవిడ.

"నాకు తెలుసు. కాలికి తెలీదు," అనేవాడట ఆయన.

రెండో రోజు దక్షిణపు ఇసుక తీరానికి వెళ్ళారు. ఆయన నీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడి, ఒడ్డున పోయే ప్రతి బండి పేరూ శబ్దాన్ని బట్టి చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు. మూడో రోజు మేకల మంద దారికడ్డంగా పడుకుంటే, ఆవిడ కారాపి, దిగి, మందలో పెద్ద పోతుని చెవి పట్టుకుని లేపింది. మిగతావి వాటంతట అవే లేచాయి. నాలుగో రోజు పిరేయస్ నుంచి కూతురు ఫోను. నేను పక్కనే ఉన్నాను.

"అమ్మా, ఆ కొండదారి గురించి కంప్యూటర్లో చూశాను. నీకేమైనా పిచ్చా? నాన్న బతికొచ్చింది నువ్వు లోయలో పడెయ్యడానికా?"

"నాన్నకి ఎండ తగిలి రంగొచ్చింది," అంది ఎవ్‌దోకియా.

"అమ్మా, నేను చెప్పేది వినపడుతోందా?"

"వినపడుతోంది. అక్కడ వర్షమా?" అని, ఫోను కట్టేసి, కారు అరలో పడేసి, మూత మూసింది.

అయిదో రోజూ ఆరో రోజూ మినాస్ తన ప్రయత్నం తాను చేశాడు. తిరునాళ్ళకి టాక్సీలో చోటుంది, మీకోసం ముందు సీటు ఉంచాను, మొక్కు సంగతి పాదిరిగారితో నేను మాట్లాడతాను, ఆయన మాఫీ చేస్తారు, అంటూ. ఆవిడ వేయించిన చేప ముల్లు తీసి ఆయన పళ్ళెంలో పెడుతూనే ఉంది. చివరికి, "మాఫీ చేయించుకుందామంటే మొక్కేటప్పుడే అడిగేదాన్నయ్యా," అంది. ఆ పూట కొట్లో నవ్వినవాళ్ళు మొదటిసారి కాస్త తక్కువ నవ్వారు. అయినా నవ్వారు.

ఏడో రోజు. ఇరవై ఏడో తారీఖు. తిరునాళ్ళ.

మా తిరునాళ్ళలో ఒక కట్టుబాటుంది. పొద్దున్న ప్రార్థన కాగానే అయిదు పెద్ద రొట్టెల్ని దీవించి విరుస్తారు. ఆ రొట్టె ముక్క నోట్లో పడందే ఎవడూ ఏదీ తినడు. మేకమాంసం ఎన్ని గుండిగల్లో ఉడికినా, ఆ రొట్టె విరిగితేనే గుండిగల మూత లేచేది. ముందుగా మూత తీస్తే ఏడాదంతా ఇంట్లో ఏదీ ఉడకదని నమ్మకం. ఆ అయిదు రొట్టెలూ రేవులో బట్టీ దగ్గర కాలుస్తారు. పాదిరి లూకాస్‌గారు ముందు రోజు సాయంత్రపు ప్రార్థనకే మినాస్ టాక్సీలో కొండ మీదికి వెళ్ళిపోయారు. తన కారు బట్టీ ముందు వదిలేసి, "యాకూమీ, పొద్దున్నే రొట్టెలు వెనక డిక్కీలో పెట్టిస్తారు, నువ్వు తోలుకుని వచ్చెయ్. దారిలో కబుర్లకి ఆగకు," అన్నారు.

పాదిరిగారి కారు రంగు చెప్పనక్కర్లేదు కదా.

పొద్దున్నే బట్టీకి వెళ్ళాను. రొట్టెలు డిక్కీలో పెట్టించాను, మూత వేయించాను. ఆ తరవాత లోపలికి వెళ్ళి బట్టీ ఆవిడకి ఒక సొరచేప సంగతి చెప్పడం మొదలుపెట్టాను. అది చిన్న కథ. దాని తోక ఒక్కటే కొంచెం పొడుగు. ఈలోపల ఎవ్‌దోకియా నా కారు తెచ్చి పాదిరిగారి కారు పక్కన ఆపిందట. ఆయన్ని కూడా దింపి, బట్టీ అవతలి గుమ్మంలోంచి వచ్చి, నువ్వులు చల్లిన గుండ్రటి రొట్టెలు నాలుగు కొనుక్కుని వెళ్ళి కారెక్కింది. ఏ కారు? దగ్గరున్నది. తెల్లది. తాళంచెవి దాంట్లోనే ఉన్నది.

లోపల ఏం జరిగిందో పాండెలిసే నాకు తరవాత చెప్పాడు.

"ఎవ్‌దోకియా, ఇది నిన్నటి కారు కాదు."

"మళ్ళీ మొదలెట్టావా?"

"సెకండు గేరు ఏడుస్తోంది."

"పండగ పూట కారుని కూడా తిట్టకు."

"సాంబ్రాణి వాసనొస్తోంది."

"తిరునాళ్ళ రోజు దీవంతా అదే వాసన."

"నా పూసల దిండేది?"

"వెనకాల పడిపోయి ఉంటుంది. ఊరుకో, మలుపొచ్చింది."

వారం రోజులుగా ఆయన ప్రతి గేరుకీ ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు గనక, నిజం చెప్పిన రోజున ఎవరూ నమ్మలేదు. ఈ బాధ నాకు బాగా తెలుసు.

సొరచేప తోక అయ్యాక నేను బయటికొచ్చాను. తెల్లకారు ఒకటి ఉంది. ఎక్కాను. పక్క సీట్లో పూసల దిండు కనబడితే, పాదిరిగారు ఈ మధ్య నడుం నొప్పికి తెచ్చుకున్నారు కాబోలు అనుకున్నాను. ప్లాకా ముందర దారిపక్కన, నూనెదీపం పెట్టే చిన్న గూడు ఒకటుంది. ఎప్పుడో అక్కడ బండి బోల్తాపడి బతికినవాడు కట్టించాడు. దాని గోడ చాటున తెల్లకారు, దీపం వెలిగిస్తూ ఎవ్‌దోకియా. నా కారు క్షేమంగానే ఉందని సంతోషించి చెయ్యి ఊపాను. ఊపి, మట్టిదారి ఎక్కాను. నా జన్మలో ఆ దారిన ఎప్పుడూ కారు తోలలేదు. కళ్ళు సగం మూసుకుని తోలాను. సముద్రం ఉన్న పక్క సగం.

చర్చి ముంగిట్లో మూడువందల మంది. ఏడు గుండిగలు మూతల కింద ఉడుకుతున్నాయి. పాదిరిగారు చేతులు చాచి వచ్చి డిక్కీ తీశారు. లోపల ఒక ఆడమనిషి గడ్డిటోపీ, కాఫీ ఫ్లాస్కు, తడి తువ్వాలు.

పాదిరిగారు డిక్కీ వంక చూశారు, కారు వంక చూశారు, తరవాత నా వంక చాలాసేపు చూశారు.

"రొట్టెలెక్కడ యాకూమీ?"

"వస్తున్నాయి," అన్నాను. "ఎవ్‌దోకియాతో."

మూడువందల కడుపులు ఒక్కసారి మూలిగాయి. ఆ మూలుగు క్రీటులో వినబడి అక్కడ పిడుగు పడిందనుకున్నారట. మినాస్ అప్పటికే టాక్సీలో ఉన్నాడు. "ఆవిడ ఈపాటికి ఏ మలుపులో ఏడుస్తూ కూర్చుందో! నేను పోయి రొట్టెలు పట్టుకొస్తా. బర్బా, ఎక్కు, పాదిరిగారి కారు అప్పగించింది నీకే కదా," అన్నాడు. ఎక్కాను. వెళ్తుంటే వెనకనించి జనం, "మినాస్! మా ప్రాణదాతా!" అని అరిచారు. వాడి మెడ ఇంకో వేలెడు లేచింది.

కిలోమీటరున్నర దిగామో లేదో, కత్తిరించినట్టున్న కొండవాలులో, మలుపు తిరగ్గానే ఎదురుగా తెల్లకారు. మినాస్ బ్రేకు తొక్కాడు. ఆవిడా తొక్కింది. రెండు బండ్ల ముక్కుల మధ్య ఒక పిల్లి పట్టేంత చోటు మిగిలింది. పక్కన గాలి, గాలి కింద సముద్రం.

మినాస్ తల బయటపెట్టాడు. "అమ్మా! ఆ కారు ఎవరిదో తెలుసా?"

"యాకూమీది."

"పాదిరిగారిది!"

అద్దానికి వేలాడుతున్న శిలువని ఎవ్‌దోకియా అప్పుడు సరిగ్గా చూసింది. పండగని నేనే కట్టాననుకుందట.

"నేను చెప్పలేదూ?" అన్నాడు లోపలినించి పాండెలిస్. ఆ మాటలో ఎంత తృప్తో! ఆ ఒక్క మాట కోసం ఆయన ఆ దారంతా ఎదురుచూసినట్టుంది.

"వెనకాల దీవెన రొట్టెలున్నాయి," అన్నాడు మినాస్. "ఇలా ఇచ్చెయ్. నేను తీసుకుపోతా."

"నాతోపాటే వస్తాయిలే."

"ఎలా వస్తాయి? దారిలేదే! నీ వెనక యాభై అడుగుల్లో బండి ఒదిగే చోటుంది. నా వెనక చర్చి ముంగిలి దాకా గజం చోటు లేదు. పద్ధతి ప్రకారం నువ్వే వెనక్కి పోవాలి."

"పద్ధతి అదే."

"అయితే పో."

"పోను."

"వెనక్కి తోలడం రాకపోతే చెప్పు, సిగ్గేం లేదు. దిగు, నేను తోలిపెడతా."

"వచ్చు," అంది ఎవ్‌దోకియా. "లైసెన్సు పరీక్షలో అందరికంటే బాగా చేసింది అదే. రాక కాదు. తోలను."

ఇంజను ఆపేసింది. చేతిబ్రేకు లాగింది. కిటికీ పూర్తిగా దించింది. గాలికి ఆవిడ తెల్లజుట్టు నిలువునా లేచింది.

"రెండేళ్ళుగా అందరూ నన్ను వెనక్కి పొమ్మన్నవాళ్ళే. డ్రైవింగు స్కూల్లో మాస్టారు, ఈ వయసులో ఎందుకమ్మా అన్నాడు. కూతురు పిచ్చంది. నువ్వు కొవ్వొత్తి వెలిగించమన్నావు. బయల్దేరాక ఒక్క అడుగు వెనక్కి వెయ్యనని పైన ఉన్నాయనకి మాటిచ్చాను. యాభై అడుగులు కాదు, ఒక్క చక్రం చుట్టు కూడా వెయ్యను. నీకు పంతం ఉంటే కూర్చో. నా దగ్గర నువ్వుల రొట్టెలున్నాయి నాలుగు."

"అక్కడ మూడొందల మంది ఆకలితో చస్తున్నారు!"

"వారంరోజులు కడుపుబ్బ నవ్వారు కదా. నవ్వితే ఆకలేస్తుంది మరి."

మినాస్ నా వైపు తిరిగి, "చెప్పు బర్బా! నీ కారు అద్దెకి తీసుకున్న మనిషి, నీ మాట వినాలి. మట్టిదారి ఎక్కకూడదని నీ కాగితంలో లేదూ?" అన్నాడు.

నేను గొంతు సవరించుకునేలోపలే ఆవిడ అందుకుంది. "మట్టిదారి ఎక్కింది పాదిరిగారి కారయ్యా. యాకూమీ కారుని మట్టిదారి ఎక్కించింది యాకూమీ. ఒప్పందం తప్పింది ఆయనే. అడుగు, ఏమంటాడో."

ఏ సొరచేప సంగతీ ఆ సమయానికి పనికిరాలేదు.

మినాస్ టాక్సీ దిగాడు, గాలికి వంగి నడుస్తూ తెల్లకారు దగ్గరికి వెళ్ళాడు. పాండెలిస్‌తో మాట్లాడదామని. మొగవాడు మొగవాడి మాట, డ్రైవరు డ్రైవరు మాట వింటాడని. నేనూ వెనకే వెళ్ళాను. కిటికీలోకి వంగి "పెద్దాయనా," అని ఆగిపోయాడు.

పాండెలిస్ నిద్రపోతున్నాడు.

తల సీటుకి ఆనించి, నోరు కొంచెం తెరుచుకుని, కుడికాలు చాపుకుని. వారమంతా నేలని తొక్కి తొక్కి నా పట్టా అరగదీసిన కాలు, చెప్పు ఊడిపోయి, పక్కకి వాలి ఉంది. పూసల దిండు కూడా లేని సీట్లో, నాలుగువందల గజాల లోతు అంచున, గాలికి కారు ఊగుతుంటే, ఆయన గురకపెడుతున్నాడు.

మినాస్ అక్కడే నిలబడిపోయాడు. వాడు కోతలరాయుడే గాని, ఇరవై ఆరేళ్ళుగా స్టీరింగు పట్టినవాడు. డ్రైవరు ఇంకొకళ్ళ బండిలో నిద్రపోడు. వాడి తండ్రీ డ్రైవరే, చివరి రోజున ఆసుపత్రి బండిలో పడుకోబెట్టి తీసుకుపోతుంటే కూడా, గేరు మార్చమని అరుస్తూనే పోయాడు. మినాస్ ఆ కాలు వంక చూశాడు. ఊడిన చెప్పు వంక చూశాడు. ఎవ్‌దోకియా వంక చూశాడు.

"ఎంతసేపయింది?" అన్నాడు మెల్లగా.

"ఇప్పుడే. నువ్వు అరవడం మానగానే," అంది ఆవిడ.

మినాస్ రొమ్ము మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. వచ్చి టాక్సీ ఎక్కాడు. రివర్సు గేరు వేశాడు.

కిలోమీటరున్నర వెనక్కి, ఎగువకి. మెడ వెనక్కి తిప్పి, నాలుక బయటపెట్టి, చెమటలు కక్కుతూ తోలాడు. నన్ను వెనక అద్దంలోంచి చూసి దారి చెప్పమన్నాడు. నేను కళ్ళు గట్టిగా మూసుకుని "రా, రా, ఇంకా రా" అన్నాను. మా ముందు, ముక్కుకి ముక్కు ఆనేంత దగ్గరగా, తెల్లకారు సెకండు గేరులో ఏడుస్తూ వస్తోంది. స్టీరింగు మీద ఎవ్‌దోకియా రెండు చేతులూ మేకులు కొట్టినట్టున్నాయి. వాడు ఆగితే ఆవిడా ఆగింది. వాడు కదిలితే ఆవిడా కదిలింది.

చర్చి ముంగిట్లో జనానికి ముందు కనబడింది మినాస్ టాక్సీ వెనక భాగం. ప్రాణదాతకి జేజేలు కొట్టడానికి లేచినవాళ్ళు చేతులు గాల్లోనే ఉంచేశారు. రివర్సులో టాక్సీ ముంగిట్లోకి వచ్చింది, దాని వెంట తలెత్తుకుని తెల్లకారు వచ్చింది. మినాస్ మెడ ఆ తరవాత మూడు వారాలు ఎడమపక్కకే ఉండిపోయింది. ఆ మూడు వారాలూ వాడి ఎదురుగా నిలబడినవాళ్ళకి మర్యాద దక్కలేదు, పక్కన నిలబడినవాళ్ళకే.

పాదిరిగారు పరుగున వచ్చారు. ఎవ్‌దోకియా పెదవుల మీద వేలు పెట్టింది.

"నెమ్మది ఫాదర్. ఆయన పడుకున్నారు."

అలా, ఆకలితో నకనకలాడుతున్న మూడువందల మంది, మునివేళ్ళ మీద నడిచి, డిక్కీ చప్పుడు కాకుండా తీసి, అయిదు రొట్టెల్ని నిద్రపోతున్న పసిపిల్లల్ని ఎత్తుకున్నట్టు ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళారు. వారంరోజులు నవ్వినవాళ్ళలో ఒక్కడు దగ్గబోతే పక్కవాడు వాడి నోరు నొక్కాడు. ఎవ్‌దోకియా కారు దిగి, చేతులు జాడించుకుని, వేళ్ళు ఒక్కొక్కటే సాగదీసుకుంది. చాలాసేపటిదాకా అవి తెరుచుకోలేదు.

గంట మోగాక పాండెలిస్ లేచాడు. "వచ్చేశామా?"

"వచ్చేశాం."

"ఎక్కడా ఆగలేదా?"

"ఒకచోట ఆగాం. వెనక్కి మాత్రం పోలేదు."

ఆయన తలూపి, చెప్పు వెతుక్కుని తొడుక్కుని, ఎదురుగా కనబడిన నల్లటి పొగ పాదిరిగారే అయివుంటారని ఊహించి, "ఫాదర్, మీ కారు సెకండు గేరు ఏడుస్తోంది. చూపించుకోండి," అన్నాడు.

ఎవ్‌దోకియా చేతిసంచీలోంచి చిన్న వెండిరేకు తీసింది. మొక్కు తీరినవాళ్ళు కాలో చెయ్యో అచ్చుకొట్టిన రేకు పటం ముందు కడతారు కదా, ఈ రేకు మీద రెండు కళ్ళున్నాయి. దండం పెట్టి కట్టింది. నేను ఊరుకోవచ్చు కదా, ఊరుకోను.

"ఆయన కళ్ళు రాకుండానే ముందుగా కట్టేస్తున్నావేమిటమ్మా?"

"ఇవి ఆయనవి కాదు బర్బా. నావి," అంది. "ఇద్దరికీ సరిపోతున్నాయని చూపించడానికి."

ఆ పూట మేకమాంసం గిన్నె మొదట వాళ్ళిద్దరి ముందే పెట్టారు. మినాస్ మెడ అటే ఉంచి, చెయ్యి ఇటు చాపి, తన పళ్ళెంలోని మెత్తటి ముక్క పాండెలిస్ పళ్ళెంలో వేశాడు. జనం నా మీసం గుర్తుచేసుకుని కత్తెర తెచ్చారు. నేను కుర్చీలో బుద్ధిగా కూర్చున్నాను. ఎవ్‌దోకియా కత్తెర తీసుకుని, నన్ను పరిశీలనగా చూసి, "ఉండనివ్వండి," అంది. "అదీ పోతే ఈ మొహంలో నిజమైనదేదీ మిగలదు."

పొద్దు వాలుతుండగా బయల్దేరాం, ఈసారి నా కారులోనే. దిగేటప్పుడు తోలతానని మినాస్ అడగలేదు, ఇంకెవరూ అడగలేదు. నేను వెనక సీట్లో ఎక్కాను. ఆ యాభై అడుగుల చోటు దగ్గరికి వచ్చేసరికి, అక్కడ మినాస్ టాక్సీ కొండకి ఆనించి నిలబెట్టి ఉంది. మాకంటే ముందే దిగి, ఎదురుగా ఎవరైనా వస్తే ఆపడానికి కాపు కాస్తున్నాడు. ఎవ్‌దోకియా రెండుసార్లు హారను కొట్టింది. వాడు ఎడమ పక్కకి తిరిగిన మెడతోనే, సముద్రం వైపు చూస్తూ చెయ్యి ఊపాడు.

ముందర పెద్ద మలుపు. మా మావయ్య టోపీ ఎగిరిపోయిన మలుపు. ఎవ్‌దోకియా గేరు మార్చింది.

"బర్బా యాకూమీ," అన్నాడు పాండెలిస్, వెనక్కి తిరక్కుండానే. "ఆ కాలు తియ్యి. అక్కడ బ్రేకు లేదు."